తర్గ్యాస్ మట్టి చల్లిన మంచు

మా తమ్ముడు తర్గ్యాస్‌ లాంటి మొండిమనిషి జంస్కార్ లోయ మొత్తంలో లేడు. ముసలివాడయ్యాక కూడా ఊళ్లో తొలి విత్తనం తన చేలోనే పడాలి. అందుకోసం చలి ముదరకముందే పొడిమట్టి తెచ్చి, గడ్డకట్టకుండా పశువుల కొట్టంలో పోసుకుంటాడు. ఎండ కాస్త ఎక్కగానే గంపలకెత్తి చేలోని మంచు మీద చల్లుతాడు. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, నల్లటి మట్టి తాగేస్తుంది. దాంతో మంచు త్వరగా కరుగుతుంది. ఇది మా పెద్దల నాటి పనే, నేనూ చేశాను. నడుము లోతు మంచు పడే రోజుల్లో అలా చెయ్యకపోతే బార్లీ పండేలోపే మళ్లీ చలి వచ్చిపడేది.

ఈ ఏడు మంచు చీలమండ దాటలేదు. ఆ కాస్తా విత్తే వేళదాకా నిలిచి నేలలో ఇంకితేనే గింజ మొలుస్తుంది. ఆ మాట చెబుదామని వెళ్లేసరికి వాడు గంప ఎత్తుకుని ఉన్నాడు.

"ఉన్నదే ఇంత. దీన్నీ తరిమేస్తావుట్రా?"

"నువ్వు నిదానంగా వేసుకో ఆచే. నీకంటే చిన్నవాణ్ణి, నాకు తొందరెక్కువ," అన్నాడు. పుట్టినప్పటినుంచీ అక్కనని ఆచే అని పిలవడమే తప్ప, నా మాట విన్నది లేదు.

వాడి కోడలు యాంగ్‌దోల్ బడిలో పాఠాలు చెబుతుంది. మంచు ఎందుకు తగ్గిందో ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. దేశదేశాల్లో బొగ్గూ పెట్రోలూ కాలిస్తే పుట్టే గాలి పైన దుప్పటిలా పేరుకుంటోందట. ఎండను లోపలికి రానిస్తుంది, నేల వదిలే వేడిని మాత్రం సులువుగా బయటికి పోనివ్వదు.

"మా పొయ్యి నా పెళ్లి కాకముందునుంచీ పొగ కక్కుతోంది. ఇల్లు వెచ్చబడలేదే?" అన్నాడు వీడు.

"కంటికి కనబడే పొగ కాదు ఆబా," అంది, మామను నాన్నా అని పిలిచినట్టే. " ఇది కనబడదు. వందల ఏళ్లు పోదు."

"కనబడని దుప్పటా? నాకొకటి కప్పమ్మా, నడుం లాగేస్తోంది."

మట్టి ఎండను తాగుతుందని తెలిసినవాడికి గాలి వేడిని పట్టుకుంటుందంటే నవ్వొచ్చింది. కొండమీది మంచు వెనక్కి తగ్గి నల్లరాయి బయటపడిందనీ, ఆ రాయి ఎండ తాగి పక్కనున్న మంచునూ కరిగిస్తోందనీ చూపించాను. అది కొండదేవత కోపమన్నాడు. పేడపిడకలు కాల్చుకుని బతికే మనమీద దేవతకు కోపమెందుకురా అంటే గంప ఎత్తుకుని చేలోకి దిగాడు.

మట్టి చల్లనే చల్లాడు. అడుగున నేల ఇంకా రాయిలా గడ్డకట్టి ఉంది. కరిగిన నీళ్లు ఇంకే దారిలేక చేను మీదుగా జారి నదిలో కలిశాయి. విత్తే వేళకు చేను బూడిదలా ఉంది. కొండమీది వాగు ఇంకా గడ్డకట్టే ఉంది, కదలలేదు. మొలిచిన బార్లీ జానెడు లేచి పసుపెక్కింది.

వాగు కదిలాక నా వంతు నీళ్లలో సగం వాడి కాలువకు మళ్లించాను. తిట్టుకుంటూనే మళ్లించాను. పైగట్టు తడిసింది, కింద సగం దక్కలేదు. దాన్ని వాడు గింజ పట్టకముందే కోసి పశువులకు వేస్తుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"వచ్చే ఏడూ చల్లుతావా?"

కొడవలి ఆపలేదు.

"మంచు పడనీ ఆచే," అన్నాడు. "పడ్డాక తిడుదువుగానీ."