వెలికా అవ్వ చేలో తప్పిన మందు

దోబ్రుజా మైదానంలోని ఆ ఊళ్లో కలుపు మందు కొట్టించాలంటే స్తామెన్‌ను పిలవాల్సిందే. ఇరవై రెండేళ్లుగా అతనికి అదే పని. గాలి వాలు చెంపతోనే పసిగడతాడనీ, అతని చేతి మందు ఒక్క సాలు కూడా అటూ ఇటూ పోదనీ చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే లోలోపల పొంగిపోయేవాడు.

ఈ వేసవిలో ఆ మాటే ముల్లయి గుచ్చుకుంటోంది.

వెలికా అవ్వకు ముప్పావు ఎకరం పొద్దుతిరుగుడు చేను ఉంది. నలభై ఏళ్లు పార పట్టి తనే కలుపు తీసుకుంది. ఈ ఏడు మోకాలు వాచి, కూర్చుంటే లేవలేకపోయింది. మరులమాతంగి మొక్కలు పంటను మింగేస్తాయన్న భయంతో మొదటిసారి స్తామెన్‌ను పిలిచింది. అతను మందు కొట్టిన పది రోజులకు కలుపుతోపాటు పంటా పసుపుబారింది. పక్షం తిరిగేసరికి నిలువునా ఎండిపోయింది. ఆ మందును తట్టుకునే విత్తనం వేరే ఉంది. అవ్వ వేసింది పాతరకం.

"ఏ సంచి కొన్నానో నేనే మరిచిపోయి, వాడికి చెప్పి ఉండను," అని అవ్వ దుకాణం ముందు బల్ల మీద కూర్చుని అందరికీ చెప్పింది. "స్తామెన్‌ను ఏమీ అనకండి. పాపం, వాడేం చేస్తాడు?"

పక్క బల్ల మీదే ఉన్న స్తామెన్ కాఫీ సగంలోనే వదిలి లేచి వెళ్లాడు.

మందు కొట్టిన రోజు అవ్వ గట్టు మీద నిలబడి విత్తనం సంగతి చెప్పింది. అతను ఫోన్లో మాట్లాడుతూ తలూపాడు. సగం చేను కొట్టాక ఆ మాట బుర్రకెక్కింది. అక్కడ ఆపితే సగం పచ్చగా, సగం ఎండిపోయి, దారిన పోయే ప్రతివాడికీ అతని తప్పు గీత గీసినట్టు కనబడుతుంది. ట్రాక్టరు ఆపలేదు.

శనివారం అవ్వ చెల్లెలి కొడుకు క్రాసిమిర్ పట్నం నుంచి కౌలు కాగితాలతో దిగాడని తెలిసి స్తామెన్ అవ్వ ఇంటికి వెళ్లాడు.

"పెద్దమ్మా, విత్తనాల సంచే గుర్తులేనిదానివి, రేపు పొయ్యి ఆర్పడం గుర్తుంటుందా? చేను పెద్ద రైతుకు ఇచ్చేద్దాం, సంతకం పెట్టు," అంటున్నాడు క్రాసిమిర్. అవ్వ చేతిలో కలం ఉంది.

"తప్పు నాది," అన్నాడు స్తామెన్, గుమ్మంలోంచే.

క్రాసిమిర్ నవ్వాడు. "నీ మందు తప్పిందంటే మీ ఊరి కుక్క కూడా నమ్మదన్నా. ముసలావిడ మీద జాలితో అబద్ధాలెందుకు?"

"'ఇది పాతరకం, కొత్త మందు దీనికి పడదు' అని అవ్వ నాతో అంది. నేను చెవిన పెట్టలా. సగం కొట్టాక గుర్తొచ్చింది. ఆపితే ఊరందరికీ తెలిసిపోతుందని మిగతా సగం కూడా కొట్టేశా."

క్రాసిమిర్ నవ్వు ఆరిపోయింది. అవ్వ తిడుతుందని స్తామెన్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నేను చెప్పానా?" అంది అవ్వ.

"చెప్పావు."

"పాతరకం అనే చెప్పానా?"

"అదే మాట అవ్వా."

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. "విన్నావురా క్రాసిమిర్? తల పాడైందని నెలరోజులుగా కంటిమీద కునుకు లేదు నాకు. నా తలకేం కాలేదు! కూర్చోరా స్తామెన్, బనిత్సా ఇప్పుడే దించా, వేడిగా ఉంది."

కుంటుకుంటూనే, పెళ్లివారింట్లో తిరిగినట్టు తిరుగుతూ, ఆ పొరల రొట్టెలో జున్ను ఎక్కువున్న ముక్క చూసి మరీ అతనికి పెట్టింది. స్తామెన్ కూర్చోలేకపోయాడు, వెళ్లిపోనూ లేకపోయాడు. పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.