దండం పెట్టేంత టైము

మా బావ పోయాడు. మా పెద్దక్క భర్త. అరకు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక సంత ఊళ్ళో, సంత రోజునే, పొద్దున పదకొండు గంటలప్పుడు, నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి రోడ్డు మీదికి దిగే మెట్ల మీద పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఆ మెట్ల కింద టీకొట్టు నడిపే మనిషి ఫోన్ చేసి చెప్పాడు.

"మీ బావగారు పడిపోనారండీ. ఏవో అంకెలు సదువుకుంటా పరిగెత్తుకుని దిగుతన్నారు. ఒక్కపాలి కూలబడిపోనారు. మొకం మీద నీళ్ళు కొట్టినాం. పేనం నేదండీ."

మా బావ ఏటీఎం మెషిన్లు బాగుచేసేవాడు. ఉండేది ఎస్.కోటలో. టైడా ఘాటెక్కి కొండ మీద ఎక్కడ మెషిన్ ఆగినా తన బైకు మీద ఆయనే పోవాలి. వానయినా, మంచయినా, జ్వరమయినా.

మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టాక కూడా ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. అక్క ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"దాని నోరు నొక్కీరా తమ్ముడా. పేనం పోయినా పన్లోకి పిలుత్తానే ఉన్నారు."

తీసి చూశాను. అన్నీ కంపెనీ మెసేజీలే. 'కాల్ గడువు దాటింది. కారణం తెలపండి.' వాళ్ళ భాషలో కాల్ అంటే ఒక రిపేరు పని. గంట గడిచేసరికి మళ్ళీ అదే. మూడో రోజున ఆఫీసు నుంచి ఎవరో మాట్లాడారు. మొదటి వాక్యంలో సంతాపం చెప్పి, రెండో వాక్యంలో టూల్ బ్యాగు ఎప్పుడు పంపుతారని అడిగారు. నేను అరిచాను. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "రేపు పంపుతాం బాబూ, తుడిచి పంపుతాం" అంది.

కారణం తెలపమన్నారు. సరే, తెలుపుతున్నాను.

ముందు ఈ కొలువు ఎలాంటిదో పాఠకులకు తెలియాలి. గది గోడ మీద బ్యాంకు పేరు ఉంటుంది. లోపలి మెషిన్ ఇంకొకరిది. దాన్ని నడిపించే బాధ్యత మూడోవాడిది. మా బావకు జీతమిచ్చేది నాలుగోవాడు. ఘాట్ రోడ్డు మీద తడిసేవాడు మాత్రం ఒక్కడే. ఏదన్నా అడిగితే ఆ నలుగురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. ఆయన పడిపోయిన మెట్లకు ఆ నలుగురిలో ఏ ఒక్కరూ సొంతదారు కారట!

ఆ ఊళ్ళో మెషిన్ ఉన్న గదిలో ఫోన్ పలకదు. మెషిన్ పనిచేయడానికి పైకప్పు మీద డిష్ పెట్టారు. మనిషికి పెట్టలేదు. మెషిన్ లోపలి తలుపు తెరవాలంటే ప్రతిసారీ ఒక కొత్త కోడ్ కావాలి. దాన్ని ఎక్కడో నగరంలో కూర్చున్నవాళ్ళు ఫోన్‌కు పంపుతారు. వచ్చిన కొద్ది నిమిషాల్లో నొక్కకపోతే అది పనికిరాదు. సిగ్నల్ దొరికేది ఊరి పైన నీళ్ళ ట్యాంకు దగ్గర. అంటే మా బావ మెట్లెక్కి, కోడ్ అందుకుని, దాన్ని పైకి చదువుకుంటూ మెట్లు దిగి, రోడ్డు దాటి, గదిలోకి వచ్చి నొక్కాలి. ఆలస్యమైతే మళ్ళీ మెట్లు. బీపీ మాత్రలు మింగే యాభై రెండేళ్ళ మనిషి! ఈ సంగతి ఆయన రాసి పంపాడు, ఫోన్లో చెప్పాడు. 'దేశమంతా ఇదే పద్ధతి' అన్నారు. దేశమంతా ఇన్ని మెట్లున్నాయా అని అడగమన్నాను నేను. నవ్వేసి బైకెక్కాడు.

ఆయనకొక అలవాటు ఉండేది. మెషిన్ తలుపు తీసేముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు. దాని గొలుసు మెషిన్ లోపలి బెల్టులకు తగులుకుంటుందని ఒక కారణం. రెండో కారణం ఆయనే చెప్పాడు. "టైము సూత్తా పన్చేత్తే సెయ్యి ఒణుకుతాది బామ్మర్దీ." ఆస్పత్రివాళ్ళు ఆ గడియారాన్ని జేబులోంచి తీసి ఇచ్చారు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. "జేబులో ఉన్నాదంటే పన్లోనే ఉన్నాడురా" అంది.

మొదట్లో ఆయన టీవీలు, రేడియోలు బాగుచేసేవాడు. జనం చెడిపోయిన టీవీని పారేసి కొత్తది కొనడం మొదలుపెట్టాక ఈ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు ఈ పనికీ భవిష్యత్తు లేదంటున్నారు. అంతా ఫోన్లోనే అయిపోతుందట. మెషిన్లు తీసేస్తారట. బాగుచేసేవాళ్ళు వేరే పని నేర్చుకోవాలట. ఈ మాట చెప్పేవాళ్ళు ఒక్కసారి కొండెక్కి ఆ సంతలో నిలబడాలి. అక్కడ బ్యాంకు తరఫున వేలిముద్ర పెట్టెతో ఒకాయన వస్తాడు. పసుపు తవ్వి, అల్లం కడిగి, కాఫీ పళ్ళు కోసి వేళ్ళు అరిగిపోయిన ఆడవాళ్ళు ఆ పెట్టె మీద వేలు పెడతారు. పెట్టె ఒప్పుకోదు. తుడుచుకుని మళ్ళీ పెడతారు. అప్పుడూ ఒప్పుకోదు. పనిచేసిన చెయ్యి అయినందుకు ఆ చెయ్యి నీది కాదనేస్తుందన్నమాట! వాళ్ళకు మిగిలింది కార్డు పెట్టి నాలుగంకెలు నొక్కే ఆ ఒక్క మెషిన్. అది పోతే బస్సెక్కి అరకు పోవాలి. ఒక రోజు కూలి పోతుంది. మా బావ పోట్లాట అంతా ఆ ఒక్క మెషిన్ అక్కడ ఉండాలనే.

ఆ మెషిన్ మీద ఒక ఫిర్యాదు పదేపదే వచ్చేది. బయటికి వచ్చిన నోట్లను మెషిన్ వెనక్కి లాగేసుకుంటోందని. నోట్లు వచ్చాక అర నిమిషంలోగా ఎవరూ తీసుకోకపోతే అది కూత పెట్టి లోపలికి లాక్కుంటుంది. మరిచిపోయి వెళ్ళిన డబ్బు వేరేవాళ్ళ పాలు కాకూడదని అలా పెట్టారు. మా బావ దాన్ని మూడుసార్లు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. లోపం కనపడలేదు. 'వాడేవారి పొరపాటు అని రాసి కాల్ మూసెయ్' అన్నారు ఆఫీసువాళ్ళు. ఆయన మూయలేదు. సంత రోజున వెళ్ళి మెషిన్ ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆయన వెనకాల బైకెక్కి నేనూ వెళ్ళాను, ఏదో వ్యాసానికి సరుకు దొరుకుతుందని.

ఒక ముసలావిడ వచ్చింది. చెప్పులు బయట విప్పింది. కొంగు ముడి విప్పి కార్డు తీసి, జాగ్రత్తగా అంకెలు నొక్కింది. నోట్లు బయటికి వచ్చాయి. ఆవిడ తీసుకోలేదు. ఒకడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ కొంగుకు శుభ్రంగా తుడుచుకుని, కళ్ళు మూసుకుని దండం పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. మెషిన్ కూత పెట్టింది. కళ్ళు తెరిచేసరికి నోట్లు లోపలికి పోయాయి.

మా బావ తొడ మీద చరుచుకుని, "దొరికీసింది బామ్మర్దీ! మెషిన్లో ఏటీ నేదు" అన్నాడు.

నాకు మాత్రం ఉపన్యాసం దొరికింది. వయసు నలభై దాటిన హేతువాదిని, నోరు ఊరుకోదు కదా. దగ్గరికి వెళ్ళి, "అమ్మా, అది ఇనప్పెట్టె. దేవుడు కాదు. దానికి దండమెందుకు?" అన్నాను.

ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసింది.

"ఇనప్పెట్టని నాకు తెల్దేటి బాబూ? దానికెవులెట్టినారు దండం? ఇన్నాళ్ళు పసుపు తవ్వినాను, నడుం ఇరిగినాది. అది నా కూలి. కొత్త సామలైనా దండమెట్టకుండా నోట్లో ఎట్టుకోం. నా కూలికి నాను దండమెట్టుకుంటే నీకేటి? నీ జీతానికి నువ్వెట్టవేటి?"

పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మా బావ అందరికంటే ఎక్కువ నవ్వాడు. శ్రమకు విలువ లేదని ఇన్నేళ్ళుగా కాగితాలు నింపుతున్నవాణ్ణి, శ్రమకు దండం పెడుతున్న మనిషికి పాఠం చెప్పబోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

"అప్పా, నీ కూలి ఎక్కడికీ పోదు, మళ్ళీ నీ కాతాలో పడతాది, పూచీ నాది" అని, అక్కను పిలిచినట్టే పిలిచి, ఆవిడకు ధైర్యం చెప్పాడు మా బావ. "ఈపాలి మాత్తరం ముందు నోట్లు బేగి లాగీ. సేతిలోకొచ్చినాక ఎంతసేపు కావాలంటే అంతసేపు దండమెట్టుకో. అప్పుడు నిన్ను అడిగీవోడు నేడు."

ఆ మాటే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. చదవలేనివాళ్ళ కోసం, వీలైన ప్రతి సంతకూ వెళ్ళి నోటితో చెప్పేవాడు. దానికి పెట్రోలు ఖర్చు ఎవరూ ఇవ్వలేదు. ఆ అర నిమిషాన్ని ఇంకాస్త పెంచమని కంపెనీకి రాశాడు. ఒక అంకె మారిస్తే అయిపోయే పని. అక్కడి నుంచి వచ్చిన జవాబు మీరు ఊహించగలరు. దేశమంతా ఒకటే అంకె.

తర్వాత అసలు కాగితం వచ్చింది. ఈ మెషిన్ ఉంచాలా, తీసేయాలా, కారణం రాసి సంతకం పెట్టమని. కారణం కూడా వాళ్ళే ఫోన్లో చెప్పారు. 'వాడకం తక్కువ' అని రాయాలట. ఎలా ఉంటుంది వాడకం? రోజుల తరబడి డబ్బు నింపరు. నింపిన రోజున డిష్ పలకదు. రెండూ ఉన్న రోజున దండం పెట్టేలోపు నోట్లు లాగేసుకుంటుంది. అన్నం గిన్నె మీద మూతపెట్టి కూర్చుని, వీళ్ళకు ఆకలి లేదని రాయమంటే రాస్తాడా మా బావ?

ఇంగ్లీషులో రాయాలి కాబట్టి నా చేతికిచ్చాడు. నేను రెండు పేజీలు దంచాను. బ్యాంకుల్నీ, కంపెనీల్నీ, ప్రభుత్వాన్నీ ఎవర్నీ వదల్లేదు. మా బావ వాళ్ళింటి గుమ్మంలో కూర్చుని నాచేత తెలుగులో చెప్పించుకుని విన్నాడు.

"ఇదేటి బామ్మర్దీ, నా పేరెట్టి నువ్వు తిట్టీసుకుంటన్నావు? ఉజ్జోగం పోతే తిండి నువ్వెడతావేటి?"

"పెడతాను."

"మీ అక్క వండింది రోజూ ఇక్కడ తినీసి ఎల్లేవోడివి, నాకెట్టీది కూడానా!"

లోపలి నుంచి అక్క నవ్వు వినపడింది. ఆయన పెన్సిలు తీసుకుని నా రెండు పేజీలూ అడ్డంగా కొట్టేశాడు. "ఇందులో కోపం ఉన్నాది గానీ మెషిన్ నేదు. రెండు ముక్కలు రాయి సాలు" అన్నాడు. ఆయన చెప్పిన రెండు ముక్కలు ఇవి: 'మెషిన్ బాగుంది. ఇచ్చిన టైము చాలదు.'

అది రాసి సంతకం పెట్టాడు. వెనక్కి పంపారు, మార్చి రాయమని. మళ్ళీ అదే రాశాడు. మూడోసారి ఇక అడగలేదు. కాల్స్ మాత్రం పెరిగాయి. ఒకే రోజు పాడేరు, అరకు, మళ్ళీ పాడేరు. అది శిక్ష అని నేనంటాను. ఆయన 'రద్దీ' అనేవాడు.

పెద్దకర్మ అయ్యాక, తర్వాతి సంత రోజున నేను బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. గదికి తాళం లేదు. బ్యాటరీలు అప్పటికే పట్టుకుపోయారు. వచ్చే వారం లారీ వస్తుందని టీకొట్టాయన చెప్పాడు. కాగితం మీద ఎవరో సంతకం పెట్టారట. కారణం 'వాడకం తక్కువ.' మా బావ రాసిన రెండు ముక్కలు ఏ ఫైల్లోనూ ఉండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మెషిన్ బాగుంది. ఇచ్చిన టైము చాలదు. నోట్లు తీసుకోవడానికి చాలదు, మెట్లు దిగడానికి చాలదు. ఇదే కారణం. నమోదు చేసుకోండి.

నేను గదిలో నిలబడి ఉండగానే ఆ ముసలావిడ వచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"మెషిన్‌బాబు రానేదేటి?"

చెప్పాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఆస్పత్రికి పట్టికెల్లినారు, బతికీసుంటాడనుకున్నాను," అంది. "ఆయేల నా కోసరమే మెట్లెక్కినాడు బాబూ. కారడు లోపలుండిపోనాది. పరిగెట్టొద్దురా నాయనా, నాను కూకుంటాను అనీసి అన్నాను. టైమైపోద్దప్పా అనీసి ఎల్లినాడు."

కార్డు ఇంకా ఆ చీకటి పెట్టెలోనే ఉందేమో. ఆవిడ దాని గురించి అడగలేదు. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. వెలుగు లేని ఆ తెర ముందు నిలబడి, రెండు చేతులూ కొంగుకు శుభ్రంగా తుడుచుకుంది. కళ్ళు మూసుకుంది. దండం పెట్టింది.

నేను మెషిన్ పెట్టే ఆ కూత కోసం చెవి ఒగ్గాను. కూత రాలేదు. బయట సంత అరుపులు, ఏదో జీపు హారన్. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. చేతులు దించలేదు.