మాస్టారి పేరున ఒక తలుపు

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. చదివేవారు మన్నించాలి. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను, అదీ ఇసుకలో వేలితో దిద్దుకున్న చదువు. ఇప్పుడు పెన్ను పట్టింది మా మాస్టారు పోయారని చెప్పడానికి.

ఆ సంగతి పాలకేంద్రం దగ్గర తెలిసింది. పాలు కొలిచే అతను క్యాను వంచుతూ, "మాస్టారు పోయారంట బాబాయ్. తొంభై దాటాయిగా," అన్నాడు. ఆ వెంటనే, "ఏంటి, ఇవాళ నీ పాలల్లో వెన్న తగ్గింది?" అన్నాడు. నేను పక్కకు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మాది కంకిపాడు దగ్గర కాలవ గట్టు మీద ఊరు. శవం లేవకముందే సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. దండం పెడుతున్న పెద్దమనుషుల ముఖాలు తలుపులంత ఉన్నాయి. మాస్టారి ముఖం కింద మూలన తపాలా బిళ్లంత ఉంది.

మాస్టారు మాకు తెలుగూ లెక్కలూ చెప్పేవారు. ఆఖరి గంటలో మాత్రం లోకంలో ఉన్న బళ్ల కబుర్లు. బెజవాడ వెళ్లి పాత పుస్తకాలు కొనుక్కొచ్చి, చదివి, మాకు చెప్పేవారు. వేల ఏళ్ల కిందట ఒక దేశంలో పిల్లలు తడి మట్టి పలకల మీద రాసేవారట. తవ్వకాల్లో దొరికిన ఒక పలక మీద పిల్లవాడి పంటి గాట్లున్నాయట. "రాయడం చేతగాక కొరికాడురా. నీలాంటివాడే!" అని నా నెత్తిన మొట్టికాయ వేశారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మాలో పలక కొనలేక ఇసుకలో రాసుకునేవాళ్లు సిగ్గుపడితే ఇంకో కబురు చెప్పేవారు. ఒక తెల్లదొర మద్రాసులో మన పిల్లలు ఇసుకలో దిద్దడం, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పడం చూసి ముచ్చటపడ్డాడట. ఆ పద్ధతిని తన దేశం పట్టుకుపోయాడట. "లండన్‌లో పేదపిల్లలు ఇసుకలో రాసింది మిమ్మల్ని చూసేరా," అనేవారు. ఆ రోజు ఇంటికి ఛాతీ విరుచుకుని వెళ్లాను.

ఒక రోజు జపాన్ కబురు చెప్పారు. అక్కడ పిల్లలే గదులు తుడుస్తారట, మరుగుదొడ్లు కూడా వాళ్లే కడుగుతారట. మేమంతా ఛీ అని ముక్కులు మూసుకున్నాం. మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ముక్కు మూసుకోవడం తేలికరా. నీళ్లు పోయడమే కష్టం," అని బకెట్టు తీసుకుని బడి వెనక్కి నడిచారు.

అక్కడ ఆడపిల్లల కోసం ఆయనే కట్టిన తాటాకు దడి ఉండేది. అది లేనప్పుడు మధ్యాహ్నం ఇంటికి పోయిన ఆడపిల్లలు మళ్లీ వచ్చేవారు కాదు. రోజూ ఆయనే కడిగి సున్నం చల్లేవారు. ఒక రైతు వచ్చి గొడవపడ్డాడు.

"మాస్టారూ, మావాడి చేత ఈ పాడుపనులు చేయిస్తే ఊరుకోను."

"మీవాడు నీళ్లు తోడుతున్నాడంతేనండీ. కడిగేది నేను. వాడుకునేది మీ అమ్మాయి."

రైతు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఊరు మాత్రం దొడ్ల మాస్టారని పేరు పెట్టింది. మాస్టారు నవ్వేసేవారు. "నయం, బెత్తం మాస్టారని పెట్టలేదు."

మంచాన పడ్డాక కూడా కబుర్లు మానలేదు. ఎనిమిది చదివే నా మనవరాలిని కూర్చోబెట్టుకుని, వరదలప్పుడు బంగ్లాదేశ్‌లో పడవే బడి అయి రేవుకొచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుందని చెప్పారు. "ఎక్కడో ఒక మాస్టారు మన బడి గురించి కూడా పిల్లలకు చెబుతుంటాడమ్మా. ఏం చెప్పాలో మనమే చూసుకోవాలి," అన్నారు. తర్వాత, "మంచినీళ్లు తాగుతావా?" అని అడిగారు. అది తల అడ్డంగా ఊపింది. బడి ఉన్న రోజున అది పొద్దుటి నుంచి నీళ్లు ముట్టదు. ఇప్పుడు మా బడి హైస్కూలు. పక్కా దొడ్డి ఉంది, తలుపు లేదు, నీళ్లు రావు. మాస్టారికి ఇదంతా తెలుసు. మొహం గోడవైపు తిప్పుకున్నారు.

సంస్మరణ సభ ఆ బడిలోనే పెట్టారు. బెజవాడ నుంచి కార్లలో వచ్చారు. గేటు దగ్గర మాస్టారి విగ్రహం పెడతామని అధ్యక్షుడు ప్రకటించాడు. ఒకాయన మైకు పట్టుకుని, జపాన్ పిల్లల శుభ్రత గురించి మాస్టారు ఎంత బాగా చెప్పేవారో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. భోజనాలయ్యాక బిర్యానీ పొట్లాలు ఉన్నచోటే పడేశారు. ఆ మైకు పట్టినాయనే బడి వెనక్కి వెళ్లి, ఆడపిల్లల దొడ్డి గోడకు ఎదురుగా నిలబడి పని కానిచ్చుకుని, ప్యాంటు సర్దుకుంటూ వచ్చాడు. అంతటి అసహ్యం నా జన్మలో కలగలేదు.

నేను నలుగురిలో మాట్లాడినవాణ్ణి కాను. ఆ రోజు, భోజనాల తర్వాత సభ మళ్లీ కూడగానే, లేచాను.

"విగ్రహం వద్దండీ. ఆ డబ్బుతో ఆడపిల్లల దొడ్డి బాగుచేయించండి. మాస్టారి పేరే పెట్టండి."

"కూర్చో పెద్దాయనా!" అన్నాడు అధ్యక్షుడు. "మాస్టారి పేరు దొడ్డికి పెడతామా? వినడానికే రోతగా లేదూ?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. రోత అన్నాయన చెప్పు కింద ఎంగిలి పొట్లం ఉంది. మాస్టారు అన్నట్టు, మన బడి గురించి ఎక్కడో ఇంకో మాస్టారు ఏం చెబుతాడు? 'ఒక ఊళ్లో మాస్టారికి విగ్రహం ఉందిరా, ఆడపిల్లలకు తలుపు లేదు,' అని చెబుతాడు.

మర్నాడు పాలడబ్బు తీసుకుని బెజవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే షెడ్డులో సాయిబుగారు ఇనపరేకు తలుపు చేసిచ్చారు.

"గడియ బయటా, లోపలా?" అని అడిగారు.

"లోపలండీ. చిన్నపిల్ల చేతికి అందేటట్టు."

తలుపు బిగించే ముందు దొడ్డి నేనే కడిగాను. నిజం చెబుతున్నాను, వాంతి వచ్చింది. ముక్కు మూసుకోబోయి, మానేసి, నీళ్లు పోశాను. కుళాయి కూడా బాగుచేయించాను. హెడ్‌మిస్ట్రెస్ గారు సంతోషించారు. "పేరు మాత్రం వద్దండీ బాబాయిగారూ, విగ్రహం కమిటీ వాళ్లు నా మీద పడతారు," అన్నారు.

ఆ సాయంత్రం మనవరాలు వచ్చి సంచీ దించింది. రోజూ నిండుగా తిరిగొచ్చే నీళ్ల సీసా ఖాళీగా ఉంది. దాన్ని కడిగి మళ్లీ నింపి పెట్టాను.

పేరు రాయను. 'మాస్టారు' అని ఒక్క మాట, ఆ తలుపు మీద, నా వంకర రాతతోనే రాయాలనుంది. ఆయనకు అది పరువు తక్కువంటారా? మా ఊళ్లో అడిగితే నవ్వుతారు. మీరు చెప్పండి. పచ్చరంగు డబ్బా మూత తీసి గడప పక్కన పెట్టాను. రంగు గట్టిపడక ముందే జవాబు రాయండి.