నన్ను గెలిపించిన మర్యాద

గోల్ఫ్ ఎలా ఆడతారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. కోనసీమలో అంత ఖాళీ నేల ఎక్కడుంది? ఉన్నా అందులో కొబ్బరి మొక్క పాతకుండా ఎవరు ఊరుకుంటారు? అయినా ఆ మధ్య స్టాఫ్ రూంలో ఫోన్ చూస్తుంటే ఒక వార్త కనబడింది. ఎక్కడో విదేశంలో ఒకావిడ మగవాళ్ల ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలో దిగిందట. మొదటి రెండు రోజులు బాగా ఆడినవాళ్లను ఉంచి, మిగతావాళ్లను ఇంటికి పంపేస్తారట. ఆవిడకు ఆ అవకాశం కొద్దిలో తప్పిపోయింది. కింద జనం రాసిన వెక్కిరింతలు చదివి ఒళ్లు మండింది. కానీ ఆవిడ మీద నాకు జాలి కలగలేదు, ఈర్ష్య కలిగింది. ఆవిడను వాళ్లు ఓడించారు. అంటే ఆవిడతో నిజంగా ఆడారు.

నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. నలభై ఆరేళ్లు. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు షటిల్ ఆడినదాన్ని. పెళ్లయ్యాక పదేళ్లు రాకెట్ అటక మీదే ఉంది. తర్వాత దించి, ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున్నే ఇండోర్ కోర్టుకు వెళ్తున్నాను. అక్కడ ఆడవాళ్లెవరూ ఆడరు, ట్రాక్ మీద నడుస్తారు. నాతో ఆడేది ఒక కొబ్బరి వ్యాపారి. యాభై దాటినా పాదం తేలిక. చుట్టుపక్కల మండలాల్లో ఆయన పేరు తెలియని షటిల్ మనిషి లేడు. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన చెల్లెమ్మా అంటారు. మూడు రోజులు ఆయన గెలిస్తే రెండు రోజులు నేను గెలిచేదాన్ని. గెలిచిన రోజు బడిలో పిల్లల మీద అరిచేదాన్ని కాదు. ఇది అందరికీ తెలిసిన విషయమే.

పోయిన ఏడాది మా కోర్టులో టోర్నమెంటు పెట్టారు. ఆడవాళ్ల విభాగానికి నాదొక్కటే ఎంట్రీ వచ్చిందని దాన్ని రద్దు చేశారు. మిగిలినదాంట్లో 'నలభై పైబడినవారి సింగిల్స్' అని ఉంది. పురుషులు అన్న మాట లేదు. రాయాల్సిన అవసరం ఉంటుందని ఎవరికీ తోచి ఉండదు. నేను ఫారం నింపి ఇచ్చాను. అప్పటికే మోకాలు చూసిన డాక్టరు, ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్లు ఆడతారన్నారు. నాకు కప్పు అక్కర్లేదు. మోకాలు మూలపడేలోగా నా ఆట ఎంతో, మొహమాటం లేని మనిషి ముందు ఒక్కసారి తేలాలి. అంతే నా కోరిక.

కమిటీ కార్యదర్శి ఫారం రెండుసార్లు చదివి, "ఆయ్, తప్పకుండానండి. మీరు ఆడితే మన టోర్నమెంటుకే అందమండి," అన్నారు. అందం కోసం తోరణాలు కట్టుకోవచ్చు కదా అనుకున్నాను. పైకి అనలేదు. మా వైపు మర్యాదకు మర్యాదతోనే బదులు చెప్పాలి. ఆ రోగం నాకూ ఉంది.

మొత్తం ఎనిమిది మందిమి. మొదటి ఆట కొత్తపేట నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగితో. ఆయన నిక్కరు, బూట్లు వేసుకుని వచ్చాడు. వార్మప్‌లో స్మాష్‌లు దంచాడు. ఎవరితో ఎవరు ఆడాలో రాసిన డ్రా కాగితంలో నా పేరు చూశాక మెడ పట్టేసింది. అంపైర్‌కు చెప్పి, నాకు నమస్కారం పెట్టి, వాకోవర్ ఇచ్చి ఆడకుండానే నన్ను గెలిపించేశాడు. గంట తర్వాత అదే మెడతో పక్క కోర్టులో డబుల్స్ ఆడుతున్నాడు.

రెండో ఆట మండపేట నుంచి వచ్చిన ఒక రైస్ మిల్లు యజమానితో. ఆయనా కోర్టులోకి దిగలేదు. బయట టిఫిన్ బండి దగ్గర కనబడితే నేనే వెళ్లి అడిగాను. ప్లేటు పక్కన పెట్టి, చేయి కడుక్కుని మరీ సమాధానం చెప్పారు.

"ఏమీ అనుకోకండమ్మా. గెలిస్తే ఆడమనిషి మీద గెలిచేడంటారు. ఓడితే మా ఊళ్లో తిరగలేనండి. మీరు కానిచ్చేయండి, ఫైనల్‌కి వెళ్లిపోతారు. పెసరట్టు తింటారా?"

ఆ రోజు నాతో నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. అందుకని పెసరట్టు తిన్నాను.

ఒక్క షటిల్ కూడా కొట్టకుండా ఫైనల్‌కు చేరాను. స్థానిక విలేకరి వచ్చి ఫొటో తీసుకున్నాడు, మహిళా సంచలనం అని రాస్తానన్నాడు. ఏం సంచలనం సృష్టించానో అడిగితే నవ్వాడు. అవతలి వైపు నుంచి ఫైనల్‌కు వచ్చింది అన్నయ్యగారు. నాకు ప్రాణం లేచివచ్చింది. మెడ నొప్పులు లేని మనిషి. నా ఆట తెలిసిన మనిషి.

ఆయన వచ్చారు, ఆడారు. మొదటి గేమ్ నేను ఓడిపోయాను. రెండోది గెలిచాను. మూడోదానిలో పదిహేడు దాకా సమానంగా నడిచింది. ఆ తర్వాత ఆయన నెట్ అవతల మెల్లగా పడేసే డ్రాప్‌లు నెట్‌కే తగలడం మొదలైంది. ఆయనా అలిసిపోయారనుకున్నాను. మోకాలు కాలుతున్నా పరిగెత్తాను. ఆఖరి షటిల్ ఆయన వైపు పడ్డప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేను నిలబడ్డచోటే ఏడ్చాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

శాలువా కప్పారు, ఉపన్యాసాలయ్యాయి. బయట స్కూటీ తీస్తూ అన్నయ్యగారితో చెప్పాను, వచ్చే నెల రాజమండ్రిలో జరిగే పెద్ద టోర్నమెంటుకు కూడా మగవాళ్లలోనే ఎంట్రీ పంపుతానని. ఆయన మొహం మారిపోయింది.

"వద్దు చెల్లెమ్మా. అక్కడ వాళ్లు మనవాళ్లలా చూసుకోరండి."

"చూసుకోవడమేంటండీ?"

ఆయన రాకెట్ సంచి జిప్పు లాగారు.

"మీరు నలుగుర్లో చిన్నబుచ్చుకుంటారని చెప్తున్నానండి. ఇవాళంటే నేను సర్దేను."

డ్రాప్‌లు గుర్తొచ్చాయి. చప్పట్లూ గుర్తొచ్చాయి. అవి నాకు కొట్టినవి కావు, ఆయన పెద్దమనసుకు కొట్టినవి. హాల్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. అడిగాను.

"మరి పొద్దున్నపూట ఆటలో?"

"అన్నీ కాదండి."

"ఎన్నండీ?"

"గుర్తుపెట్టుకోలేదమ్మా. ఓడిన రోజు మీరు మొహం ముడుచుకుని బడికెళ్లేవారు. పోనీలే అనిపించేదండి."

ఆయన చెడ్డవాడైతే బాగుండేది. తిట్టి వచ్చేసేదాన్ని. నా భర్తకు ఆపరేషన్ అయినప్పుడు కాకినాడ ఆసుపత్రిలో మూడు రోజులు కూర్చున్న మనిషి ఆయన. ఆ మంచితనంతోనే నా ఎనిమిదేళ్లు తీసేసుకున్నారు. నేను పెట్టిన చెమట, అరగదీసుకున్న మోకాలు అన్నీ నిజమే. గెలుపుల్లో ఏవి నిజమో నాకు తెలియదు, ఆయనకూ గుర్తులేదు. ఇంత చిన్న విషయానికి ఇంత కక్ష ఏంటని మా ఆయన అన్నారు. కక్షే. దాచుకోను.

రాజమండ్రికి ఎంట్రీ పంపాను. అక్కడ ఫారంలో పురుషులు అని స్పష్టంగా రాసి ఉందని తిప్పి పంపారు. నాకిక మిగిలింది మా కోర్టూ, అన్నయ్యగారూ. వారం తర్వాత ఒక పొద్దున్న వెళ్లి, నెట్ దగ్గర నిలబడి అడిగాను. ఈ ఒక్కరోజు నన్ను చెల్లెలనుకోకండి, ఆడమనిషిననుకోకండి, చేతనైతే చిత్తుగా ఓడించండి అన్నాను.

"ఆయ్, అలాగేనండి," అన్నారు.

ఒక్క గేమ్ ఆడాం. ఆయన ఒంటి మీద బనీను తడిసిపోయింది. రెండుసార్లు పడబోయి నిలదొక్కుకున్నారు. ఇరవై ఒకటి, పంతొమ్మిది. గెలిచింది నేను. నెట్ కింద నుంచి చేయి చాపి, "బాగా ఆడేరు చెల్లెమ్మా," అన్నారు. ఆ మొహంలోకి ఎంత చూసినా నాకేమీ తెలియలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది. ఏం లాభం, మర్యాదగా సమాధానం చెబుతారు.