బ్యూనస్ ఎయిరిస్‌కి ఆ పేరెట్లా వచ్చిందంటే

కిటికీ తెరిస్తే చాలు, బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బల దుమ్ము నాలుకకు తగులుతుంది. గనులు మూతపడ్డాయి గానీ మా కేజీఎఫ్, అదే కోలారు బంగారు గనుల ఊరి గాలి మారలేదు. తిట్టుకుంటూ తలుపు వేసినప్పుడల్లా మా భూగోళం మాస్టారు అరుళ్ సార్ గుర్తొస్తారు. ఆయన తండ్రి గనిలో గంట కొట్టి, మనుషులను దించే బోనును పైకీ కిందికీ పంపే పని చేసేవారట. సార్‌కి ఊరి పేర్ల పిచ్చి. ఓ రోజు పటంలో అర్జెంటీనా రాజధాని మీద కర్ర ఆనించి, "స్పానిష్‌లో బ్యూనస్ ఎయిరిస్ అంటే మంచి గాలులు. ఓడ దిగినోళ్లు అబ్బా ఏం గాలి అన్నారంట, అదే పేరైపోయింది" అన్నారు. దగ్గే తండ్రులున్న పిల్లలం. ఆ ఊరెళ్లిపోవాలని అందరికీ అనిపించింది.

కోలారులో స్కూళ్ల క్విజ్ పెడితే చివరి ప్రశ్న అదే, ఆ ఊరికి ఆ పేరెట్లా వచ్చిందని. గర్వంగా చెప్పాను. తప్పన్నారు. "మా సారే చెప్పినారు" అంటే హాలంతా నవ్వింది. కప్పు పోయినందుకు కాదు, ఆయన్ని ఎగతాళి చేసినందుకు ఏడుపొచ్చింది. సార్ అడిగితే "జవాబు మర్చిపోయినాను సార్" అని అబద్ధమాడాను. నాలుగు రోజులు చివాట్లు తిన్నాను గానీ నోరు విప్పలేదు.

క్విజ్‌కి నాతో వచ్చిన పిల్ల సార్‌కి నిజం చెప్పేసింది. సోమవారం ప్రార్థనలో, స్కూలంతా వింటుండగా సార్ మైకు తీసుకున్నారు.

"ఆ పాప మర్చిపోలేదు. నేనే తప్పు చెప్పినాను. సముద్రంలో కాపాడమని ఓడలోళ్లు మొక్కుకునే ఏసు తల్లి మరియమ్మ ఉండాది, మంచిగాలి మాత అని. సార్డీనియా దీవిలో ఆయమ్మ కోవెల. ఆ పేరే ఊరికి పెట్టినారు."

తర్వాత నేనే ఉక్రోషంగా అడిగాను. "అందరి ముందర ఎందుకు చెప్పినారు సార్?"

"గనిలో తప్పు గంట కొట్టినోడు తానే పైకొచ్చి అందరికీ చెప్పాలమ్మా. మా నాయన ఒకసారి అట్లే పైకొచ్చి చెప్పినాడు. దాస్తే కింద ఇంగొకడు చస్తాడు. నా మర్యాద కాపాడినావు, సంతోషం. ఇంగ ఎవురి కోసరమూ అట్ల చెయ్యొద్దు."

నాకు ఆయనంటే ప్రేమ పొంగుకొచ్చింది. కోపం కూడా కొంచెం మిగిలింది, నిజం చెప్పొద్దూ.

ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. పోయిన నెల పొరపాటున ఇద్దరి రిపోర్టులు తారుమారు చేశాను. ఫోన్ చేస్తే చాలన్నారు తోటివాళ్లు. ఆ ఇద్దరిలో ఒక పెద్దాయనది నంగలి, ఆ ఊరి బస్సెక్కాను. జబ్బేమీ లేదన్న సంబరంతో ఆ పెద్దాయన నాకు స్వీటు పెట్టించబోయాడు.

"వద్దప్పా. మీకు షుగరుండాది. ఆ రిపోర్టు తప్పు. చేసింది నేనే" అన్నాను.