కొండాపూర్‌లో చివరి డీజిల్ ఇంజన్

కొండాపూర్‌లోని ఆ అద్దాల బిల్డింగ్‌లో కరెంటు పోతే జనరేటర్ నడిపేది ఐలయ్య. చిన్నప్పుడు లారీ షెడ్లలో తన్నులు తింటూ నేర్చుకున్న పని. ఇంజన్ గొంతు కాస్త మారినా ఆయన తింటున్న అన్నం వదిలి లేచేవాడు.

బిల్డింగ్ కంపెనీ డెన్మార్క్‌లో ఒక బ్యాటరీ ఫ్యాక్టరీని కొన్నది. అక్కడ పెట్టిన పెట్టుబడి ఇక్కడికి తెల్లటి బ్యాటరీ పెట్టెల రూపంలో వచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు. ఇక జనరేటర్ తీసేయమన్నారు. ఒకటే షరతు: ఇంజన్ అసలు దిమ్మకు, అంటే బ్లాక్‌కు, సమ్మెటతో బొక్క కొట్టి, మళ్లీ ఎక్కడా నడవకుండా చేసి తుక్కుకు పంపాలి.

"నడిచేదాన్ని పంపితే పొగ తగ్గినట్టు కాదండి, పక్క ఊరికి తోసినట్టు," అంది మేనేజర్ సరిత. మర్నాడు దగ్గరుండి చూస్తానంది.

తుక్కు కొన్న మహేశ్‌కు అది నచ్చలేదు. బాచుపల్లి అవతల రాళ్ల క్రషర్ సేటుకు ఇంజన్‌ను నడిచేదిగానే అమ్మాలని అతని ఆశ. ఐలయ్యను పక్కకు పిలిచాడు.

"అన్నా, పైమూత పగలగొట్టి మేడమ్‌కు చూపియ్. మూతలు బజార్ల దొరుకుతయ్. బ్లాక్ ముట్టకు. ఇంజన్‌తోని నువ్వు గూడ క్రషర్‌కు పో, ఆపరేటర్ నౌకరి నీదే. ఈడ ఆ డబ్బాలకు నీతోని ఏం పని?"

ఐలయ్య ఒప్పుకున్నాడు. చేతిలో వేరే పని లేదు.

మర్నాడు సరిత కిందికి దిగకముందే మహేశ్ సేటును జనరేటర్ ఉన్న బేస్‌మెంట్‌కు తెచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పొగగొట్టాన్ని అతని మనుషులు ముందే కోసేశారు. డాబా మీదికి పోవాల్సిన పొగంతా గదిని కమ్మేసింది. వెనక నేల తుడుస్తున్న సక్కుబాయి బకెట్ మీద కూలిపోయింది.

"బంద్ చెయ్," అన్నాడు ఐలయ్య.

"జర ఆగన్నా, సేటు చూస్తుండు."

ఐలయ్య ఆమెను చంకల కింద పట్టి ర్యాంప్ మీదికి ఈడ్చాడు. ఆమె వాంతి చేసుకుని ఊపిరి తీసుకుంది. ఆయన తిరిగొచ్చి డీజిల్ వాల్వ్ మూశాడు. మహేశ్ పానాతో మూతి మీద కొట్టాడు. పళ్లు విరిగాయి. ఐలయ్య రక్తం ఉమ్మి, అతని మెడ పట్టి తలను గోడకేసి బాదాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. సేటు అప్పటికే పారిపోయాడు.

ఐలయ్య సమ్మెట అందుకున్నాడు. మొదటి దెబ్బకు సమ్మెట బ్లాక్ మీది నుంచి ఎగిరిపడింది.

"నీ నౌకరి నువ్వే సంపుకుంటున్నవ్ రా," నేల మీద నుంచి మూలిగాడు మహేశ్.

దెబ్బ పడ్డచోటే మళ్లీ కొట్టాడు. పోత ఇనుము పగిలి కాగే ఆయిల్ కాళ్ల మీద చిమ్మింది. చర్మం ఊడుతున్నా, పిడికిలి దూరేంత బొక్క పడేదాకా ఆపలేదు.

కొట్లాటకు దిగాడని కంపెనీ ఇంజన్‌తో పాటు ఐలయ్యను కూడా గేటు దాటించింది. ఇప్పుడు పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు, పని దొరికిన రోజు. భార్య సాయమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

"వచ్చే నౌకరి పాయె, ఉన్న పండ్లు పాయె. గా ఇనుముకు బొక్క కొట్టి ఏం సాధించినవ్?"

"ఇగ అది తిరగదు," అంటాడు ఐలయ్య.