ఊదారంగు పూత

తార్నాకలో కాపురముంటూ విశ్వవిద్యాలయంలో పరికరాల బీరువాకు కావలి కాసే చంద్రయ్య, 1968 ఆయుధపూజనాడు కొత్తగా వచ్చిన రెండు బైనాక్యులర్లలో పూజకని పెట్టెలోంచి తీసిన ఒకదాని అద్దాలపై ఊదారంగు మెరుపు చూశాడు. మరక అనుకొని, ఇత్తడి కుందులను తోమినట్లే విభూతితో భక్తిగా రుద్ది పోగొట్టాడు.

సెలవులయ్యాక పక్షులను పరిశీలించే అధ్యాపకుడు సుబ్బరాయుడు దానిని కళ్లకు ఆనించి నివ్వెరపోయాడు.

"ఏం చేశావయ్యా దీన్ని?"

"మరక పట్టి ఉండె సారూ, తీసేసిన. దేవుని ముందల పెట్టేది గదా!"

"మరక కాదయ్యా, పూత! వెలుగు గాజు మీంచి వెనక్కి పోకుండా లోపలికి పంపేది అదే. లోపలున్న ప్రతి అద్దానికీ దాన్ని వేయాలి. ఆపైన రెండు గొట్టాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోటికి చూడాలి. ఖరీదంతా అక్కడే ఉంది."

ఆయన రెండవదాన్ని చంద్రయ్య చేతికిచ్చాడు. ఇన్నేళ్లూ పరికరాలు తుడవడమే గాని అతడు ఒక్కదానిలోనూ చూసి ఎరుగడు. ఎదుటి భవనంపై వాలిన గద్ద ఈకలు విడివిడిగా కనిపించాయి. తాను రుద్దినదానిలో అదే గద్ద పొగమంచులో మునిగినట్లుంది.

"నౌకరి పోతే పాయె సారూ, గీ కండ్లు నేనే పోగొట్టిన" అంటూ బీరువా తాళంచెవి అందించబోయాడు.

సుబ్బరాయుడు అందుకోలేదు. "ఇంకొకటి మిగిలింది కదా! దాన్నెవరూ విభూతితో తోమకుండా చూసేదెవరయ్యా మరి?"

చంద్రయ్య తాళంచెవిని కళ్లకద్దుకున్నాడు.